తొమ్మిది సైకిళ్ళున్న పాస్టరు

ఈ సంగతి వ్రాయాలా వద్దా అని కొంతకాలం తటపటాయించాను. కాపరి తన తప్పును పత్రికలో చెప్పుకోవటం అంత సులభం కాదు. పైగా విషయం చూస్తే సైకిళ్ళు. వాక్యధ్యానాలూ సాక్ష్యాలూ వచ్చే పత్రికలో సైకిళ్ళ గురించి ఏముంటుంది అని మీలో కొందరు అనుకోవచ్చు. మా ఇంటావిడ మాత్రం, "ఉన్నదున్నట్టు వ్రాయండి. మన ఇళ్ళల్లో అందరికీ ఇలాంటి పిచ్చి ఏదో ఒకటి ఉంటుంది" అంది. గనుక వ్రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం నవంబరు వానల్లో ఒకరోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫోను మోగింది. కాలువ అవతల, మా మందిరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పేటనుండి మా విశ్వాసి ఒకతను చేశాడు. "అయ్యగారూ, అమ్మకు ఊపిరి అందటం లేదు. బల్ల తీసుకుంటానంటోంది. మిమ్మల్నే అడుగుతోంది" అన్నాడు. ఆ తల్లికి ఎనభై దాటాయి. భర్త పోయి ముప్ఫై ఏళ్ళు. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, ఆదివారం ఆ మూట తన చేతులతోనే మోసుకొచ్చి బల్ల ముందు పెట్టేది. నడవలేని రోజుల్లో కూడా మనవడి చేత పంపేది గాని మానలేదు.

నా మోటారు సైకిలు రెండు రోజులుగా మెకానిక్కు దగ్గర ఉంది. ఆ వేళప్పుడు ఆటో దొరకదు. అయినా నేను కంగారు పడలేదు. మా ఇంటి వసారాలో తొమ్మిది సైకిళ్ళున్నాయి మరి.

ప్రభు భోజనపు పెట్టె సంచిలో పెట్టుకుని, టార్చిలైటుతో వసారాలోకి వెళ్ళాను. మొదటిదానికి వెనక చక్రంలో గాలి లేదు. రెండోదానికి రెండు చక్రాల్లోనూ లేదు. పంపు తీసి కొట్టాను. వాల్ ట్యూబు ఎండి పగిలిపోయి ఉంది, కొట్టిన గాలి కొట్టినట్టే బయటికి వస్తోంది. గేర్ల సైకిలుకు గాలి ఉంది గాని గేరు తీగ తుప్పుపట్టి బిగుసుకుపోయింది, పెడలు తొక్కితే చెయిను పళ్ళమీద ఎగిరి పడుతోంది. రేసు సైకిలు వాల్వు సన్నటి ఇత్తడి ముల్లులాంటిది. మామూలు పంపు దానికి పట్టదు, మధ్యలో ఒక చిన్న ముక్క తగిలించాలి. ఆ ముక్క ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. ఇలా ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ పోతే ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. చివరకు మా నాన్నగారి రాలీ సైకిలుకు గాలి నిలిచింది. బయలుదేరాను. కాలువ గట్టు సగం దాటేసరికి ముందు చక్రం కూర్చుంది. మిగిలిన దూరం ఆ బురదలో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఆమె ప్రభువునందు నిద్రించి కాసేపైంది. కుమారుడు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "పర్లేదండీ అయ్యగారూ, వానగదా" అన్నాడు. నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

బల్ల అందకపోతే ఆ తల్లికి పరలోకం దక్కదని నేను నమ్మను, మీరూ నమ్మరు. అది వేరే సంగతి. ఆమె నన్ను అడిగింది, నేను వెళ్ళలేకపోయాను. వాన వల్ల కాదు. ఆ సంవత్సరమే మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల గురించి రెండుసార్లు ప్రసంగించాను. బుద్ధిలేనివారికి దివిటీలు లేక కాదు, నూనె లేక అని బల్ల గుద్ది మరీ చెప్పాను. అటువంటివాడి వసారాలో తొమ్మిది సైకిళ్ళుండి, ఒక్కదానిలోనూ సరిగా గాలి లేదు.

ఇన్ని సైకిళ్ళు ఎలా పోగయ్యాయని అడుగుతారు. చెడ్డ దారిన ఏదీ రాలేదు. మా నాన్నగారు సువార్తికులు. ఆయన రాలీ సైకిలు బెంగాలులో ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ కర్మాగారంలో తయారైనది. 24 అంగుళాల చట్రం, ఊచల బ్రేకులు, తోలు సీటు. ముందు గొట్టంమీద తుండుగుడ్డ చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని, వెనక మా అమ్మను ఎక్కించుకుని గ్రామాలు తిరిగేవారు. 22 అంగుళాల అట్లాసు నాకు ముందు ఇక్కడ పనిచేసిన కాపరి వదిలి వెళ్ళినది. ఒక బి.ఎస్.ఎ. ఎస్.ఎల్.ఆర్. నేను వేదాంత పాఠశాలలో చదివేప్పుడు కొనుక్కున్నాను. లావు టైర్ల హెర్క్యులెస్ మా అబ్బాయిది. లేడీస్ సైకిలు మా అమ్మాయి ఇంటరుకు వెళ్ళేప్పుడు కొన్నది. చిన్నప్పుడు ఇద్దరూ తొక్కిన 20 అంగుళాల చక్రాలది ఒకటి. హైదరాబాదులో ఉన్న మా బంధువు అమెరికా వెళ్తూ 21 గేర్ల సైకిలూ, రేసు సైకిలూ నాకిచ్చాడు. తొమ్మిదోది మడతపెట్టే సైకిలు. కారు డిక్కీలో చక్కగా పడుతుందని కొన్నాను. మాకు కారు లేదు.

ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం ఉండేది. ఇది జ్ఞాపకం, ఇది బహుమానం, ఇది ఎప్పుడైనా పనికొస్తుంది. లూకా 12లోని ధనవంతుడు కూడా తన కొట్లు చాలటం లేదనుకున్నాడే గాని తానేదో తప్పు చేస్తున్నాననుకోలేదు.

భూస్థాపన కూడిక అయిన తరువాత అన్నిటినీ బాగుచేయించాలనుకుని సెంటర్లో సైకిలు షాపు భాయ్‌ని పిలిచాను. నలభై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి. వసారాలో అటూ ఇటూ తిరిగి చూశాడు. "అయ్యగారూ, తొమ్మిదికి పద్ధెనిమిది టైర్లు, పద్ధెనిమిది ట్యూబులు, ముప్ఫైఆరు బ్రేకు కట్టలు. చేయమంటే చేస్తా. ఆరు నెలలకు మళ్ళీ పిలుస్తారు. రోజూ తొక్కే సైకిలుకు రోగం మనకు తెలిసిపోద్ది. నిలబెట్టినదానికి తెలీదు" అన్నాడు. తరువాత కొంచెం మొహమాటంగా, "ఒక్కటి ఉంచుకోండి సార్" అన్నాడు. ఆ రాత్రి మా ఇంటావిడ కూడా అదే మాట అంది. ఆమె అనటం అది మొదటిసారి కాదు గాని, నేను వినటం మొదటిసారి.

ఒక్కటే అంటే ఏది? ఇక్కడే అసలు కష్టం మొదలైంది. అందమైనది ఉంచుకోవాలా, ఖరీదైనది ఉంచుకోవాలా, నాన్నగారిది ఉంచుకోవాలా? భాయ్ చెప్పిన ఉపాయం నాకు నచ్చింది. అన్నిటికీ ముందు గాలి నిలిచేటట్టు చేసి, ఒక్కొక్కదానిమీద ఒక్కో వారం నా పనులన్నీ చేసుకోమన్నాడు. పిల్లల సైకిలు పక్కన పెడితే ఎనిమిది వారాలు. నా పనులంటే ఇవి: కాలువ గట్టుమీద పేటకు వెళ్ళటం, అక్కడ నల్లరేగడి మట్టి, రైలు గేటు దగ్గర ఓవర్ బ్రిడ్జి ఎక్కి అవతలి వీధుల్లో రోగులను చూడటం, ప్రభు భోజనపు పెట్టె కుదుపు లేకుండా తీసుకెళ్ళటం, అప్పుడప్పుడూ 25 కిలోల బియ్యం సంచి, సాయంత్రం గృహకూటానికి మా ఇంటావిడను వెనక ఎక్కించుకుపోవటం, రాత్రి తొమ్మిది దాటాక చీకట్లో తిరిగి రావటం. తెల్ల పంచెతో, ఆదివారమైతే అంగీతో.

రేసు సైకిలు మూడో రోజుకే తేలిపోయింది. తారురోడ్డుమీద దానికి సాటి లేదు. గట్టుమీద దాని సన్నటి టైరు రేగడిలో కత్తిలా దిగబడింది. క్యారియరు లేదు, బిగించటానికి చోటూ లేదు. వంగి తొక్కుతుంటే పంచె చెయినులో పడింది. సౌలు కవచం దావీదుకు ఇంతకన్నా బాగానే సరిపోయి ఉంటుంది.

గేర్ల సైకిలుమీద నాకు చాలా ఆశ ఉండేది. ఓవర్ బ్రిడ్జిమీద అది నన్ను నిరుత్సాహపరచలేదు, కూర్చుని హాయిగా ఎక్కేశాను. కాని వాన పడిన మర్నాడు గట్టుమీద గేరు మార్చే కొక్కెంలోకి బురద, గడ్డి చుట్టుకుని చెయిను జారిపోయింది. భాయ్ తుడిచి సరిచేశాడు గాని, "ఇది ఇరిగితే సామాను నా దగ్గర ఉండదు, గుంటూరో విజయవాడో పోవాల" అన్నాడు. ఒక్కటే సైకిలున్నవాడికి ఇది చిన్న విషయం కాదు. విరిగిన రోజున, మన సెంటర్లో, గంటలో బాగుపడేదే మనకు పనికొచ్చేది.

హెర్క్యులెస్ లావు టైర్లు గట్టుమీద బాగా పట్టు ఇచ్చాయి. అయితే మడ్‌గార్డులు లేక వీపంతా బురద మచ్చలు. తారురోడ్డుమీద ఆ టైర్లు గుయ్యిమంటూ మన బలమంతా తినేస్తాయి. ఎస్.ఎల్.ఆర్. తేలిక, పడుచుదనంలో మంచి నేస్తం, బరువుకు మాత్రం పనికిరాలేదు. మడత సైకిలు చిన్న చక్రాలు గట్టుమీది ప్రతి గుంటనూ పలకరించాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పటం ఇష్టం లేదు.

ఇక మిగిలినవి రాలీ, అట్లాసు, లేడీస్ సైకిలు. నా మనసులో పోటీ మొదటి రెండింటి మధ్యనే. రెండిటికీ 28 అంగుళాల పెద్ద చక్రాలు, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మంచి ఖాళీ, గుంటల్లో గుర్రంలా వెళ్తాయి. బియ్యం సంచి వేసినా చలించవు. అయితే వెనక సంచి గాని, పెట్టె గాని కట్టిన తరువాత కాలు వెనకనుంచి తిప్పి ఎక్కటం చూడండి. పంచెతో, నలభై అయిదేళ్ళ వయసులో! ముందు గొట్టం మీదుగా కాలు ఎత్తబోయి ఒకసారి సంఘపెద్ద ఇంటి గుమ్మంలోనే పడ్డాను. పెట్టె మూత ఊడి గిన్నెలు దొర్లాయి. ఊచల బ్రేకుల సంగతి మా నాన్నగారికి తెలుసు గాబట్టి ఆయన వానలో ఇరవై గజాల ముందే పట్టుకునేవారు. ఉక్కు రిమ్ము తడిస్తే ఏ బ్రేకైనా జారుతుంది. అది లేడీస్ సైకిలుకూ తప్పదు.

ఎనిమిదో వారం లేడీస్ సైకిలు. నిజం చెప్పాలంటే వరస పూర్తిచేయటానికే తీశాను. మొదటిరోజు చీకటి పడ్డాక బయలుదేరాను, ఎవరూ చూడరని. వెనక పెట్టె కట్టి ఉంది. కాలు ముందునుంచి దాటించి కూర్చున్నాను. అంతే. పంచె తగల్లేదు, పెట్టె కదల్లేదు. మర్నాడు ఓవర్ బ్రిడ్జి. దిగి నడిపించాల్సివస్తుందనుకున్నాను. రాలీకన్నా తేలిగ్గా ఎక్కింది. ఎందుకా అని ఇంటికొచ్చి పళ్ళు లెక్కపెట్టాను. రెంటికీ ముందు 44, వెనక ఫ్రీవీలుకు 18. తేడా చక్రంలో ఉంది. పెద్ద చక్రాల రాలీ పెడలు ఒక చుట్టు తొక్కితే దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. 26 అంగుళాల చక్రాల లేడీస్ సైకిలు ఐదు మీటర్లు పోతుంది. ఆ అర మీటరు తక్కువే ఎత్తుమీద మన మోకాలికి విశ్రాంతి. భాయ్‌కి చెబితే నవ్వి, 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 20 పళ్ళది వేశాడు. ఇప్పుడు చుట్టుకు నాలుగున్నర మీటర్లు. తొందరపడి ఎక్కడికీ పోలేను గాని, ఎక్కడికైనా పోగలను. పొడుగు సీటు రాడ్డు వేసి, మడమ పెడలుమీద ఆనించితే కాలు నిటారుగా వచ్చేంత ఎత్తుకు సీటు లేపాడు. ముందు బుట్ట, బరువైన వెనక స్టాండు, ఒక లైటు. ఇంత చేసినా ఒక కొత్త టైరు ఖర్చుకు కొంచెం ఎక్కువే, అంతే.

లోపం లేదని చెప్పను. మగవారి సైకిలు చట్రం పైగొట్టంతో మూడు మూలలుగా బిగిసి ఉంటుంది. లేడీస్ సైకిలుకు ఆ గొట్టం కిందికి దిగిపోవటం వల్ల బరువు వేస్తే తోకలా ఊగుతుంది. మా ఇంటావిడ కూర్చుంటే ఫరవాలేదు (ఈ మాట ఆమెకు చూపించే వ్రాశాను). 25 కిలోల సంచి కట్టినప్పుడు మాత్రం ఎక్కకుండా నడిపించుకుంటూ వస్తాను. నెలకు రెండుసార్లు నడవటం నాకు మంచిదే. కాని మిగిలిన ఎనిమిదింటిలో దేనికీ లేని సుగుణం దీనికి ఒకటుంది: మా ఇంట్లో ముగ్గురు దీన్ని తొక్కగలరు. పేటలో స్త్రీల కూడికకు మా ఇంటావిడ ఇప్పుడు నాకోసం కనిపెట్టుకుని కూర్చోదు.

ఇక పరువు సంగతి. మొదటి ఆదివారం అంగీతో దానిమీద పేటకు వెళ్తుంటే చెరువుగట్టుమీది పిల్లలు, "ఒరే, అయ్యగారు ఆడోళ్ళ సైకిలెక్కారు రోయ్!" అని వెంటబడ్డారు. రెండు వారాలకు సంఘపెద్ద ఒకరు సాయంత్రంపూట వచ్చి, మంచినీళ్ళు తాగి, లోకాభిరామాయణమంతా అయ్యాక, "అయ్యగారూ, కమిటీ తరఫున మంచి సైకిలు ఒకటి కొనిపెడదామని అనుకుంటున్నామండీ" అన్నారు. అంటే పదోది! ఆయన మంచితనం నాకు తెలుసు. నొప్పించకుండా వద్దని చెప్పటానికి గంట పట్టింది.

ఈ సందర్భంలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ గురించి చెప్పాలి. మన సంఘాల్లోని పెద్ద స్త్రీలకు మద్యపాన నిషేధం కోసం పాటుపడిన క్రైస్తవ స్త్రీల సమాజం పేరు తెలిసే ఉంటుంది. అమెరికాలో ఆ సమాజానికి అధ్యక్షురాలామె, మెథడిస్టు విశ్వాసి. ఆమె 53వ ఏట సైకిలు నేర్చుకుంది. పాదాలదాకా గౌనులు వేసుకునే స్త్రీ సైకిలెక్కితే లోకం నవ్వే రోజులవి. నేర్చుకోవటమే గాక 1895లో దానిమీద ఒక పుస్తకం కూడా వ్రాసి, యెహెజ్కేలు దర్శనాన్ని గుర్తుచేసేలా 'చక్రంలో చక్రం' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. గొట్టం దించిన ఆ చట్రం పుట్టింది అటువంటి స్త్రీల గౌనుల కోసమే. మన పంచెలకు, అంగీలకు కూడా అదే కావాలి. ఇది తెలిసినా మనం మగవాళ్ళం ఇన్నేళ్ళు కాలు వెనకనుంచి తిప్పుతూనే ఉన్నాం.

మిగిలిన ఎనిమిదిటినీ వదిలించుకోవటం, ఏరుకోవటంకన్నా కష్టమైంది. ఇస్తానంటే జనం ఎగబడతారనుకున్నాను. ఈ రోజుల్లో కూలికి వెళ్ళేవారికి కూడా మోటారు సైకిలుంది. నిద్రించిన ఆ తల్లి కుమారునికి మొదట అట్లాసు ఇవ్వబోయాను. "నాకు బండుందండీ. మా వాడికేమన్నా చూడండి" అన్నాడు. తొమ్మిదో తరగతి చదివే ఆ మనవడు, బియ్యం మూట తెచ్చే పిల్లవాడు, వచ్చి వసారా అంతా చూసి హెర్క్యులెస్ ఎంచుకున్నాడు. హైస్కూలు వాడికి ఐదు కిలోమీటర్లు. అప్పటిదాకా రోజూ ఎవరి బండి వెనకో చేతులెత్తి ఎక్కేవాడని నాకు అప్పుడే తెలిసింది. నా వసారాలో అది మూడేళ్ళుగా నిలబడి ఉంది.

గేర్ల సైకిలు, రేసు సైకిలు విజయవాడలో అమ్మించి ఆ డబ్బు సంఘంలో చదువుల నిధికి వేశాం. మడత సైకిలు మాత్రం ఏడు నెలలు ఎవరూ అడగలేదు. చిన్న సైకిలు పక్కవీధి పాప తీసుకుంది. ఎస్.ఎల్.ఆర్. మందిరం ఊడ్చే అన్నయ్యకు. అట్లాసును భాయ్ కొన్నాడు, సామాను కోసం. అట్లాసు కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినం కూడా అదే రోజు. ఆ సంగతి భాయ్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

రాలీ మాత్రం నాలుగు నెలలు ఇవ్వలేకపోయాను. దానికి రోజూ నూనె గుడ్డతో తుడవటం మొదలుపెట్టాను. ఒకరోజు మా అక్కయ్య వచ్చి చూసి, "నాన్నగారు దీన్ని ఇంతగా ఎప్పుడు తుడిచారురా? ఆయనకు తీరికెక్కడిది" అంది. ఆ వారమే రెండు పేటల్లో పరిచర్య చేస్తున్న ఒక యౌవనస్థుడైన సువార్తికునికి ఇచ్చాను. అతనికి పెట్రోలు ఖర్చు భారం. నెల తరువాత చూస్తే, నాన్నగారి తోలు సీటు తీసేసి స్పాంజి సీటు వేయించాడు, చట్రానికి నీలం రంగు కొట్టించాడు. నాకు మాట రాలేదు. "ఎలా ఉందండీ అయ్యగారూ?" అని అడిగాడు. బాగుందన్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆ సైకిలు వెనక అతని భార్య, ముందు గొట్టంమీద చిన్నపిల్ల కూర్చుని గట్టుమీద వెళ్తుంటే దూరంనుంచి చూశాను. రంగు అంత కనబడలేదు.

ఇప్పుడు శనివారం సాయంత్రం ప్రసంగం సిద్ధపడటం అయ్యాక వసారాలోకి వెళ్తాను. రెండు చక్రాలూ బొటనవేలితో నొక్కి చూస్తాను. చెయినుకు నాలుగు చుక్కల నూనె, బ్రేకులు పట్టి చూడటం, లైటు వెలిగించి ఆర్పటం. పది నిమిషాల పని. వాల్ ట్యూబు ముక్కలు సీటు కింద సంచిలో ఎప్పుడూ రెండుంటాయి. ఆ తరువాత తెల్లవారుజామున మూడుసార్లు ఫోన్లు వచ్చాయి. మూడుసార్లూ వెళ్ళాను.

సెలవులకు మా అమ్మాయి హాస్టలునుంచి వస్తే మాత్రం, "నాన్నా, అది నా సైకిలు" అని తాళం తీసుకుంటుంది. ఆ పదిరోజులూ పేటకు వెళ్ళాల్సివస్తే ముందురోజే ఆమెకు చెప్పుకోవాలి.